మిద్దెమెట్లు మనవైపే ఉన్నాయి

2020 మార్చి నెలాఖరు. కరోనా భయంతో ఊరు ఊరంతా తలుపులు బిగించుకుని కూచున్న రోజులు. బనగానపల్లెలో మా మిద్దె మీద సగ్గుబియ్యం వడియాలు పెడుతున్నాను. ఎండకు మాత్రం ఏ లాక్‌డౌనూ లేదు! పక్క మిద్దె మీంచి పెద్దమ్మ కేకేసింది. వరసకు ఏమీ కాదు గానీ, మా వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆవిడ పెద్దమ్మే.

"ఏమ్మే, ఉత్తర ధ్రువం కాడ ఆకాశానికి చిల్లు పడిందంటనే! టీవీలో చెప్పినారు. నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా. ఓజోన్ పొర బాగా పల్చబడిందట."

"పడితే పడిందిలే. ఆడ ఎలుగుబంట్లు తప్ప ఎవురుండారు? బనగానపల్లెకూ ఆ చిల్లుకూ ఏం సంబంధం?"

నాకు జవాబు తోచలేదు. వడియాలు ఎండిపోయాయి, డబ్బాకెత్తాను, వేయించుకు తినేశాం కూడా. పెద్దమ్మ ప్రశ్న మాత్రం మనసులోంచి పోలేదు. దొరికిన పుస్తకమల్లా చదివాను. చదవగా తేలిందేమిటంటే, సంబంధం ఉంది. చిన్న సంబంధమూ కాదు. దాన్ని పట్టి చూపించినవి బెలూన్లు. వాటిలో కొన్ని సాక్షాత్తూ మన హైదరాబాదు నుంచి ఎగిరినవే.

ముందు ఓజోన్ సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మనం పీల్చే ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులుంటే, ఓజోన్ అణువులో మూడుంటాయి. నేలమీద ఉంటే గొంతు మండించే వాయువు. అదే 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున ఉంటే మనకు గొడుగు. సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల్లో చెడ్డవాటిని అక్కడే ఆపేస్తుంది. ఆ గొడుగు చినిగితే చర్మ క్యాన్సర్లు, కంట్లో శుక్లాలు ఎక్కువవుతాయి, పైర్లూ దెబ్బతింటాయి. ఇంత ఉపకారం చేసే ఓజోన్‌నంతా పోగుచేసి నేలమీద పరిస్తే ఎంత మందం ఉంటుందనుకున్నారు? సుమారు 3 మిల్లీమీటర్లు. చపాతీ మీద చపాతీ వేసినంత! అంతే మన ఆస్తి.

ఈ గొడుగు ఉన్న చోటును స్ట్రాటోస్ఫియర్ అంటారు. పేరు చూసి కంగారు పడకండి. వాతావరణాన్ని రెండంతస్తుల ఇల్లనుకోండి. కింది అంతస్తులో మేఘాలు, వానలు, గాలిదుమారాలు - పిల్లలున్న ఇల్లులాగా ఎప్పుడూ గందరగోళమే. పై అంతస్తు ప్రశాంతం. అక్కడ వానలేదు, ఉరుములేదు. ఒకసారి చేరిన వస్తువు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది.

పై అంతస్తు ఒకటి ఉందని మొదట పట్టిచ్చింది బెలూన్లే. ఫ్రాన్సులో టెస్రాంక్ ద బోర్ అనే ఆయన పారిస్ దగ్గరి నుంచి ఉష్ణమాపకాలు కట్టిన బెలూన్లను వందలకొద్దీ ఎగరేశాడు. పైకి పోయేకొద్దీ చలి పెరగాలి కదా! సుమారు 11 కిలోమీటర్లు దాటాక చలి పెరగడం ఆగిపోయింది. కొలతలో పొరపాటేమోనని మళ్లీ మళ్లీ ఎగరేసి, రూఢి చేసుకుని, 1902లో లోకానికి చెప్పాడు.

తరువాతి అడుగు మనవాడిది. సి.వి. రామన్ దగ్గర పరిశోధన నేర్చుకున్న కె.ఆర్. రామనాథన్ భారత వాతావరణ శాఖలో చేరి, ఆగ్రా నుంచి ఎగరేసిన బెలూన్ల లెక్కలన్నీ ముందేసుకుని 1929లో ఒక వింత విషయం ప్రకటించాడు. ఆకాశంలో పెద్ద చలి ఎక్కడుంటుంది? ధ్రువాల మీదేనని మనం అనుకుంటాం. కాదు! రెండంతస్తుల నడిమి కప్పు మన ఉష్ణమండలం మీద చాలా ఎత్తుగా, 16, 17 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ చలి సున్నాకు కింద 80 డిగ్రీల దాకా దిగుతుంది. ఏప్రిల్ నెలలో చెప్పుల్లేకుండా మిద్దె మీద కాలు పెట్టలేని మా బనగానపల్లెలో, ఆ మిద్దె నుంచి నిట్టనిలువుగా పైకి పోతే అలాంటి చలి తగులుతుందన్నమాట. నంద్యాల పోయిరావడానికయ్యే దూరం కంటే ఎంతో తక్కువ దూరంలో!

మూడో అడుగు ఇంగ్లండులో అలన్ బ్రూయర్‌ది. విమానాల్లో తీసిన కొలతల్లో, ఇంగ్లండు మీద పై అంతస్తు గాలిలో తేమ దాదాపు లేదని ఆయన గమనించాడు. ఎందుకు లేదు? గాలి పైకెక్కే దారిలో ఎక్కడో గడ్డకట్టే చలిలోంచి దూరి, తడినంతా అక్కడే మంచుగా వదిలేసి ఉండాలి. అంత చలి ఉన్న కప్పు ఎక్కడుంది? రామనాథన్ చూపించిన మన ఉష్ణమండలం మీద! అంచేత కింది గాలి పై అంతస్తుకు ఎక్కేది ఇక్కడినుంచే, తరువాత మెల్లగా ధ్రువాలవైపు జరిగి అక్కడ దిగుతుందని 1949లో చెప్పాడు. ఈ ప్రయాణానికి నాలుగైదేళ్లు పడుతుందని తరువాతి వాళ్లు లెక్కకట్టారు.

అంటే ఏమిటి? ప్రపంచం అనే ఈ ఇంటికి మిద్దెమెట్లు మనవైపు ఉన్నాయి. పెరటి గది ధ్రువం దగ్గర ఉంది. మెట్లెక్కి ఏది పైకి పోయినా, చివరికి ఆ పెరటి గదికే చేరుతుంది.

ఇక మెట్లెక్కిన సరుకు సంగతి చూద్దాం.

మా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది 1980లలో. ఆ రోజుల్లో మా వీధికంతా అది వింత. ఐసుముక్కల కోసం గ్లాసులు పట్టుకుని పిల్లలు వరసగా నిలబడేవారు. 1987 ఎండాకాలంలో అది చల్లబడడం మానేసింది. బాగుచేసే అబ్బాయి వచ్చి, వెనక గొట్టం కోశాడు. బుస్సుమని చప్పుడు. లోపలి గ్యాసంతా మా పెరట్లోకి పోయింది. "వాసనైనా రాదక్కా, ఏమీ చెయ్యదు" అన్నాడు. కొత్త గ్యాసు నింపి, డబ్బులు తీసుకుని, కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టి లాభంలేదు. అప్పట్లో అందరూ చేసేది అదే. నిజంగానే అది వాసన రాదు, అంటుకోదు, మనిషికి విషంకాదు. అందుకే 1928లో అమెరికాలో థామస్ మిడ్జ్లీ, ఆయన తోటివారు ఆ వాయువును ఫ్రిజ్‌లకు ఎంచితే లోకం చేతులెత్తి దండం పెట్టింది. అంతకుముందు వాడిన వాయువులు కారితే ప్రాణాలు పోయేవి మరి! క్లోరోఫ్లోరోకార్బన్లు, పొట్టిగా సీఎఫ్‌సీలు అంటారు. ఫ్రిజ్‌లో, ఏసీలో, సెంటు స్ప్రేలో, పరుపుల స్పాంజిలో, ఎక్కడ చూసినా అవే.

వాటి మంచితనమే మన కొంప ముంచింది. దేనితోనూ కలవవు గనక కింది అంతస్తులో అవి నశించవు. వానకు కడుక్కుపోవు. మిద్దెమెట్లు దొరికేదాకా తిరిగి తిరిగి, పైకెక్కుతాయి. బాగా ఎత్తుకు పోయాక అక్కడి తీవ్రమైన ఎండకు విరిగి క్లోరిన్‌ను వదులుతాయి. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష దాకా ఓజోన్ అణువులను విరగ్గొట్టగలదు. ఈ ప్రమాదాన్ని 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ కాగితంమీద లెక్కకట్టి చెప్పారు. కంపెనీలు నవ్వాయి. కాగితం మీది లెక్క సరే, నిజంగా ఆ వాయువులు అంత ఎత్తుకు పోతున్నాయని చూసొచ్చిందెవరు?

చూసి రావాలంటే బెలూన్ కావాలి. విమానాలు అంత ఎత్తు ఎగరలేవు. రాకెట్ రివ్వున దూసుకుపోతుంది, నిదానంగా గాలి పట్టుకొచ్చే తీరిక దానికుండదు. ఇక్కడే మన హైదరాబాదు కథలోకి వస్తుంది.

టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ స్థాపించిన హోమీ భాభాకు అంతరిక్షంనుంచి వచ్చే కాస్మిక్ కిరణాల మీద మోజు. వాటికోసం 1940లలోనే బెలూన్లు ఎగరేయించాడు. తరువాత వాళ్ల కన్ను హైదరాబాదు మీద పడింది. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడం ఆ పరిశోధనకు అనుకూలం. మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ నుంచి ఎగరేశారు. 1969లో ఈసీఐఎల్ ప్రాంతంలో శాశ్వతంగా బెలూన్ కేంద్రం ఏర్పడింది. బెలూన్లకు కావలసిన పల్చటి పాలిథిన్ షీటు మొదలు అతుకులు వేసి కుట్టడం దాకా అక్కడే చేసుకోవడం నేర్చుకున్నారు. ఆ షీటు మన తలవెంట్రుక కంటే పల్చన. పూర్తిగా విప్పారితే పెద్ద బెలూన్ ఒకటి లక్షల ఘనమీటర్ల హైడ్రోజన్‌ను పట్టుకుంటుంది. నేలమీద ఉన్నప్పుడు మాత్రం పైన చిన్న బుడగ, కింద వేలాడే పొడవాటి తోక. పైకిపోయేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి, పూరీ పొంగినట్టు పొంగుతుంది. గాలి కదలని వేకువజామున వదిలితే రెండు మూడు గంటల్లో ముప్ఫై, నలభై కిలోమీటర్ల ఎత్తు చేరుతుంది.

పని అయ్యాక కింది నుంచి సంకేతం పంపి తాడు తెంచేస్తారు. పరికరాల పెట్టె పారాషూట్ కట్టుకుని ఏ పొలంలోనో దిగుతుంది. అందుకే ఆ కేంద్రం వాళ్లు పత్రికల్లో ప్రకటనలు వేస్తుంటారు: ఇలాంటి వస్తువు కనబడితే విప్పకండి, పోలీసులకు గానీ పోస్టాఫీసుకు గానీ చెప్పండి, తగిన బహుమతి ఇస్తాం అని. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో పెద్ద డబ్బా ఒకటి పొలంలో దిగితే, ఊరివాళ్లు గ్రహాంతరవాసుల వాహనమేమోనని చూడడానికి పరుగెత్తారు. అదీ ఈ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిందే. తీరా చూస్తే అది వేరే దేశపు కంపెనీ వాళ్ల విహారయాత్రల పెట్టె.

ఓజోన్ కథకు కావలసిన బెలూన్లు 1980లలో ఎగిరాయి. అహ్మదాబాదులోని ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీ వాళ్లు - మన రామనాథన్‌గారే దానికి మొదటి డైరెక్టరు - జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లతో కలిసి పని చేశారు. ఇటునుంచి బి.హెచ్. సుబ్బరాయ, శ్యామ్ లాల్, అటునుంచి పీటర్ ఫాబియన్, రైన్‌హార్డ్ బోర్చర్స్. పై గాలిని నేలకు పట్టి తేవాలి. ఎలా? లోపల గాలన్నది లేకుండా శుభ్రం చేసిన స్టీలు గొట్టాలను, ద్రవంగా మార్చిన నియాన్‌లో ముంచి పెడతారు. అది సున్నాకు కింద 246 డిగ్రీల చలి. అనుకున్న ఎత్తుకు చేరగానే కింది నుంచి సంకేతం ఇస్తే ఒక గొట్టం మూత తెరుచుకుంటుంది. లోపలికి వచ్చిన గాలి వచ్చినట్టే గోడలకు గడ్డకడుతుంది. గడ్డకట్టినకొద్దీ లోపల ఖాళీ అవుతుంది, ఇంకా గాలి దూరుతుంది. చాలినంత పట్టాక మూత పడుతుంది. మరో ఎత్తులో మరో గొట్టం. ఒక్కో ఎత్తు గాలిని ఒక్కో సీసాలో పట్టి, బిరడా బిగించి తెచ్చినట్టన్నమాట.

1987లో, 1990లో, 1994లో, ఇలా విడతలుగా హైదరాబాదు మీది గాలిని దించి చూశారు. తరువాత అలాంటి పెట్టెను మనవాళ్లే తయారు చేసుకున్నారు. ఏం తేలింది? కాగితం మీది లెక్క నిజమే. సీఎఫ్‌సీలు నేలనుంచి నడిమి కప్పుదాకా తగ్గకుండా ఉన్నాయి. కప్పు దాటి పైకిపోయేకొద్దీ తగ్గాయి, అంటే అక్కడ విరుగుతున్నాయి. పైగా ఐరోపా మీదికంటే మన మీద అవి ఎక్కువ ఎత్తుదాకా కనిపించాయి. మెట్లు ఇటువైపు ఉన్నాయన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇంకో తమాషా కూడా తేలింది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అని కరెంటు సామాన్లలో వాడే వాయువుంది. గాలిలో అది ఏటేటా పెరుగుతూ పోతోంది. అందుచేత పైన పట్టిన గాలిలో అది ఎంతుందో చూస్తే, ఆ గాలి ఏ కాలంలో మెట్లెక్కిందో చెప్పొచ్చు. ఉత్తరం మీద పోస్టాఫీసు ముద్ర చూసి తారీఖు చెప్పినట్టు! హైదరాబాదు గాలిలో ఈ ముద్రను కూడా చదివారు.

మెట్ల దగ్గరి సంగతి ఇదీ. మరి పెరటి గదిలో ఓజోన్ ఉందో పోయిందో ఎలా తెలుస్తుంది? దానికి వేరే బెలూన్. రబ్బరుది, చిన్నది. కింద థర్మోకోల్ పెట్టె. పెట్టెలో చిన్న పంపు గాలిని పొటాషియం అయొడైడ్ కలిపిన నీళ్లలోకి ఊదుతుంది. ఓజోన్ తగిలితే అందులోంచి అయొడిన్ విడివడి, సన్నని కరెంటు పుడుతుంది. కరెంటు ఎంతో, ఓజోన్ అంత. ఆ అంకె రేడియోలో కిందికి వస్తూనే ఉంటుంది, బెలూన్ ముప్ఫై కిలోమీటర్లు దాటి పగిలిపోయేదాకా. దీన్ని ఓజోన్‌సోండ్ అంటారు. మన దేశానికి దీన్ని చేసిచ్చింది ఒక ఆడమనిషి. పేరు అన్నా మణి.

1918లో కేరళలోని పీరుమేడులో పుట్టింది. ఎనిమిదో పుట్టినరోజుకు ఇంట్లో వాళ్లు ఆచారం ప్రకారం వజ్రాల కమ్మలు ఇవ్వబోతే, అవి వద్దు, బ్రిటానికా విజ్ఞాన సర్వస్వం కొనిపెట్టమందట. మా బనగానపల్లె ఒకప్పుడు వజ్రాల గనులకు పేరుపడ్డ ఊరు. వజ్రాల కమ్మలు కాదన్న పిల్ల మా ఊళ్లో ఉందని నేనెన్నడూ వినలేదు! విచిత్రం చూడండి, కమ్మలు కాదన్న ఆ అమ్మాయే పెద్దయ్యాక బెంగుళూరులో రామన్ దగ్గర వజ్రాల వెలుగు మీద పరిశోధన చేసింది. వ్యాసాలు అచ్చయ్యాయి. ఎమ్మెస్సీ పట్టా లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు మాత్రం ఇవ్వలేదు. ఆవిడ ఏడుస్తూ కూచోలేదు. లండన్ వెళ్లి వాతావరణ పరికరాల పని నేర్చుకుని, 1948లో పూనాలో వాతావరణ శాఖలో చేరింది. విదేశాల నుంచి తెప్పించుకుంటున్న పరికరాలను ఒక్కొక్కటిగా ఇక్కడే తయారు చేయించింది. 1964 నాటికి భారతీయ ఓజోన్‌సోండ్ సిద్ధమైంది. దానితో తిరువనంతపురం, పూనా, ఢిల్లీల మీది ఓజోన్‌ను కొలిచారు. తరువాత అంటార్కిటికాలోని మన మైత్రి కేంద్రంనుంచి కూడా ఎగరేశారు. శాఖలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్ దాకా ఎదిగి 1976లో పదవీ విరమణ చేసింది. 2001లో కన్నుమూసింది. పేరుకు ముందు డాక్టర్ అని లేకపోయినా, ఆకాశం నాడి చూసింది.

ఇక పెరటి గదికి పోదాం. ముందు చిల్లు బయటపడింది దక్షిణ ధ్రువం మీద. అంటార్కిటికాలో ఏళ్ల తరబడి కొలతలు తీస్తున్న బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ 1985లో ఆ వార్త బయటపెట్టారు. ధ్రువాల మీదే ఎందుకంటే, అక్కడి చలికాలపు చీకట్లో పై అంతస్తు సున్నాకు కింద 78 డిగ్రీలు దాటి చల్లబడితే ముత్యపుచిప్ప రంగుల్లో మేఘాలు కడతాయి. చూడ్డానికి ఎంత అందమో! మామూలుగా క్లోరిన్ వేరే పదార్థాలతో కలిసి, తాళం వేసిన పెట్టెలో దొంగలాగా పడి ఉంటుంది. ఆ మేఘాల మీద తాళం ఊడుతుంది. వసంతంలో మొదటి ఎండ తగలగానే దొంగ లేచి ఓజోన్ మీద పడతాడు. మన మీద కూడా అంత చలి ఉంది కదా, ఇక్కడెందుకు పడడు అంటారేమో. మన మెట్ల దగ్గర సీఎఫ్‌సీ ఇంకా విరగలేదు, దొంగ ఇంకా పుట్టనేలేదు. పైకిపోయి విరిగి, ఏళ్లు తిరిగి, ధ్రువం మీద దిగేసరికి తయారవుతాడు.

ఉత్తర ధ్రువం దగ్గర పేచీ వచ్చింది. అక్కడ కొండలూ భూభాగాలూ గాలిని అలలుగా కదిలిస్తాయి గనక చలి ఒక ఏడు తక్కువ, ఒక ఏడు ఎక్కువ. గాలితోపాటు ఓజోన్ కూడా అటూ ఇటూ కొట్టుకుపోతుంది. ఒక ఊరిమీద ఓజోన్ తగ్గిందంటే నశించిందా, పక్కకు జరిగిందా? ఎలా తేల్చడం?

ఇది మాకు తెలిసిన తంటాయే. మా ఊరి మామిడికాయలు గంపకెత్తి హైదరాబాదు పంపితే అక్కడ తక్కువ తేలాయనుకోండి. దారిలో పోయాయా, అసలు తక్కువే ఎత్తారా? ఎత్తేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి అదే గంపను లెక్కపెడితే గుట్టు తెలుస్తుంది. సరిగ్గా అదే చేశారు. 1991-92 చలికాలంలో ఐరోపా దేశాలన్నీ కలిసి స్వీడన్‌లోని కిరునా కేంద్రంగా పెద్ద పరిశోధన పెట్టుకున్నాయి. హైదరాబాదునుంచి ఎగిరిన లాంటి గాలి పట్టే పెట్టెలు కూడా అక్కడ ఎగిరాయి. ఉత్తరాన ఎన్నో కేంద్రాల నుంచి ఓజోన్‌సోండ్‌లు లేచాయి. జర్మన్ శాస్త్రజ్ఞులు పీటర్ ఫాన్ డెర్ గాతెన్, మార్కుస్ రెక్స్, వాళ్ల తోటివారు గాలుల లెక్కలు వేసి, ఒకచోట కొలిచిన గాలి కొన్నాళ్లకు మరో కేంద్రం మీదికి ఎప్పుడు చేరిందో చూసి, ఆ రెండు కొలతలను జతచేశారు. గంప అదే, కాయలు తక్కువ! దారిలో నశించాయన్నది 1995లో రుజువైంది. 1994-95 చలికాలంలోనైతే ముందే లెక్క చూసుకుని, గాలి చేరే గంటకు తయారుగా ఉండి బెలూన్ వదిలారు. ఈ పద్ధతికి మ్యాచ్ అని పేరు.

ఆ తరువాత 2011 వసంతంలో ఆర్కిటిక్ మీద 18 నుంచి 20 కిలోమీటర్ల ఎత్తులో 80 శాతానికి పైగా ఓజోన్ పోయింది. 2020లో పెద్దమ్మ టీవీలో విన్నది అంతకంటే పెద్ద నష్టం. కొన్ని ఎత్తుల్లో 90 శాతానికి పైనే. మంచులో చిక్కుకుని తేలుతున్న జర్మన్ ఓడ పోలార్‌స్టెర్న్ మీంచి కూడా అప్పుడు బెలూన్లు ఎగిరాయి. ఏప్రిల్‌లో గాలులు కలగలిసి ఆ చిల్లు పూడింది. లాక్‌డౌన్‌లో కార్లు తిరగలేదు గనక పూడిందని ఫోన్లలో వార్తలు తిరిగాయి. అది వట్టిమాట. చలి సుడి చెదిరింది గనక పూడింది.

ఇంతకీ మనుషులు ఏం చేశారు? ఈ ఒక్క విషయంలో మనుషులు బుద్ధిగా నడుచుకున్నారని చెప్పుకోవాలి. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో సీఎఫ్‌సీలను తగ్గించే ఒప్పందం జరిగింది. మన దేశం వెంటనే చేరలేదు. గొడుగు చింపింది ధనిక దేశాలు, కుట్టుకూలి మేమెందుకివ్వాలని అడిగింది. న్యాయమే కదండీ? అప్పటికి మన ఇళ్లలో ఫ్రిజ్‌లు ఎన్ని? 1990లో పేద దేశాల ఖర్చుకు ఒక నిధి ఏర్పడింది. 1992లో మనమూ చేరాం. 2010 నుంచి ఉబ్బసం రోగులు పీల్చే మందుల వంటి వాటికి తప్ప సీఎఫ్‌సీల తయారీ నిలిచిపోయింది. మీ కొత్త ఫ్రిజ్ వెనక చీటీ చూడండి, ఆర్-600ఎ అనో మరోటో ఉంటుంది. పాత ఆర్-12 ఉండదు. 1995లో మొలీనాకు, రోలండ్‌కు, వాళ్లతోపాటు పాల్ క్రుట్సెన్‌కు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇలాగే సాగితే ఆర్కిటిక్ మీద ఓజోన్ 2045 ప్రాంతానికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని శాస్త్రజ్ఞుల అంచనా.

ఎందుకంత ఆలస్యం అంటారా? ఈ మధ్య ఒకరోజు నేనూ లెక్క వేసుకున్నాను. ఇంటి ఫ్రిజ్‌లో ఆ గ్యాసు నూటయాభై గ్రాములకు అటూ ఇటూ ఉండేది. దాని ఆయుష్షు గాలిలో సగటున నూరేళ్లు. 1987 ఎండాకాలంలో, హైదరాబాదు బెలూన్ గాలిని పట్టి తెచ్చిన ఆ ఏడే, మా పెరట్లో బుస్సుమన్న గ్యాసులో మూడింట రెండు వంతులు ఈనాటికీ ఆకాశంలోనే ఉంది. మిగతాది మెట్లెక్కి, విరిగి, తన పని తాను చేసుకునిపోయింది.

మొన్న పెద్దమ్మ ఊరగాయకని మామిడికాయలు తరిగించుకుంటుంటే పక్కన కూచుని ఈ కథంతా చెప్పాను. ఆవిడ కత్తిపీట ఆపి అంతా విన్నది.

"అయితే ఆ చిల్లులో మీ ఫ్రిజ్ గ్యాసు కూడా ఉందంటావా?"

"ఉంది పెద్దమ్మా. కొంచెమే అనుకో."

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అంది. "మా ఇంట్లో పాత ఫ్రిజ్ ఒకటి గోడవార పడుండాది. పాతసామాన్ల వాడు రేపొస్తానన్నాడు. గొట్టం కొయ్యకుండా ఎట్ల తీసకపోవాల్నో వానికి నువ్వే చెప్పు."

సరేనన్నాను. గ్యాసును సిలిండర్‌లోకి లాగి పట్టుకునే యంత్రం ఉన్న మెకానిక్ కోసం ఊళ్లో వాకబు చేస్తున్నాను. దొరికేదాకా ఆ ఫ్రిజ్ గోడవారనే ఉంటుంది. ఉండనీయండి, అన్నమేమీ అడగదు కదా!